ఆ పదకొండు సెకన్లు ఎవరివి?

మూడో ఆదివారం లాంగ్ రన్ ముగించి, నెక్లెస్ రోడ్డు మీద పీపుల్స్ ప్లాజా దగ్గర గట్టు మీద కూర్చుని, అలవాటు ప్రకారం వాచీ స్క్రీన్ ఫొటో తీసి మా రన్నింగ్ గ్రూపులో పెట్టాను. 28 కిలోమీటర్లు. కిలోమీటరుకి సగటున 6 నిమిషాల 6 సెకన్లు. హార్ట్ రేట్ 145. రెండు నిమిషాలు తిరక్కుండానే ఒకతను రాశాడు: “బ్రో, 2019 నాటి నువ్వు మళ్ళీ వచ్చేశావ్!” దానికి నేను రెండు చేతులూ జోడించిన బొమ్మ ఒకటి పెట్టి, నీళ్ళు తాగి, ఇంటికొచ్చేశాను.

ఆ బొమ్మ నన్ను ఇంకా ఇబ్బంది పెడుతోంది.

నేను అబద్ధం చెప్పలేదు. దూరం నిజం, వేగం నిజం, చెమట నిజం. కానీ ఆ రోజు నా కాళ్ళకి కొత్త షూస్ ఉన్నాయి. లోపల కార్బన్ ఫైబర్ ప్లేటు, దానికి పైనా కిందా స్పాంజి కన్నా మెత్తగా, రబ్బరు బంతి కన్నా చురుగ్గా ఉండే నురుగు. 22 వేల రూపాయలు. ఆ సంగతి ఫొటోలో లేదు. నా పరుగులన్నీ దాచిపెట్టే యాప్‌లో ఏ జతతో పరిగెత్తామో చెప్పడానికి ఒక గడి ఉంటుంది. మనం మార్చకపోతే అది పాత జత పేరే వేసేసుకుంటుంది. నేను మార్చలేదు. మర్చిపోయానని అనొచ్చు. మర్చిపోలేదు.

పరిగెత్తేవాళ్ళలో ఒక నియమం ఉంది: రేసు రోజున కొత్తదేదీ వద్దు. సాక్సులైనా, దారిలో మింగే జెల్ అయినా, షూస్ అయినా ముందు లాంగ్ రన్‌లో వాడి చూడాలి. పది కిలోమీటర్ల దాకా మెత్తగా ఉన్న షూ ముప్పయ్యో కిలోమీటరు దగ్గర చిటికెన వేలిని కోసెయ్యొచ్చు. కాళ్ళు ఉబ్బాక, నడక తీరు మారాక, అప్పుడే అసలు సంగతి బయటపడుతుంది. అందుకని ఆగస్టు చివర జరిగే హైదరాబాద్ మారథాన్‌కి ముందు నాలుగు ఆదివారాలు ఈ షూస్ పరీక్షకి కేటాయించుకున్నాను.

నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ కాబట్టి పరీక్ష అంటే ఒక పద్ధతి అలవాటు. ఒకసారికి ఒకటే మార్చు. రెండు మారిస్తే ఏది పనిచేసిందో ఎప్పటికీ తెలీదు. మొదటి ఆదివారం పాత జత, రెండో, మూడో ఆదివారాలు కొత్త జత, నాలుగో ఆదివారం మళ్ళీ పాత జత. వారం వారం శిక్షణ వల్ల వచ్చే మెరుగుదల రెండు జతలకీ సమానంగా పంచుకుపోవాలని ఈ వరస. అదే రోడ్డు, అదే 4:45కి మొదలు, అదే అరటిపండు, ఛాతీకి కట్టుకునే అదే స్ట్రాప్. హార్ట్ రేట్‌ని 145 దగ్గర పట్టి ఉంచి, అంతే కష్టానికి ఎంత వేగం వస్తుందో చూడటం.

లెక్క ఇలా తేలింది. పాత జతతో సగటున 6 నిమిషాల 18 సెకన్లు. కొత్త జతతో 6 నిమిషాల 7 సెకన్లు. కిలోమీటరుకి 11 సెకన్ల లాభం. మారథాన్ మొత్తానికి లెక్కేస్తే ఏడున్నర నిమిషాలు దాటుతుంది.

అంతటితో ఆగితే షూస్ రివ్యూ రాసి ఊరుకునేవాణ్ణి. కానీ యాప్‌లో వెనక్కి వెళ్ళి 2019 జులై తెరిచాను. అదే రోడ్డు, అదే 145. అప్పటి వేగం 6 నిమిషాల 5 సెకన్లు. అంటే అప్పటికీ ఇప్పటికీ నేను 13 సెకన్లు వెనకబడ్డాను. షూస్ 11 వెనక్కి ఇస్తున్నాయి. నా మిత్రుడు “2019 నాటి నువ్వు” అన్నది ఈ రెండు సెకన్ల తేడాని చూసి.

మరి ఆ పదకొండు సెకన్లు ఎవరివి?

ఈ ప్రశ్నకి పెద్దవాళ్ళ స్థాయిలో ఒక జవాబు ఉంది. 2017లో నైకీ కంపెనీ ఇలాంటి షూస్ తెచ్చింది. అమెరికాలో కొలరాడో విశ్వవిద్యాలయంలో, ఆ కంపెనీ ఇచ్చిన డబ్బుతోనే, 18 మంది మేటి రన్నర్లని ట్రెడ్‌మిల్ మీద పరిగెత్తించి కొలిచారు. అప్పటి మంచి రేసింగ్ షూస్‌తో పోలిస్తే అదే వేగానికి ఖర్చయ్యే శక్తి సగటున 4 శాతం తగ్గింది. 2019 అక్టోబర్ 12న వియన్నాలో కిప్చోగె 1:59:40కి మారథాన్ దూరం పూర్తిచేసినప్పుడు వేసుకున్నది ఆ వంశానికి చెందిన, అప్పటికింకా మార్కెట్లోకి రాని జతే. వంతులవారీగా మారే పేసర్ల వల్లా, ఇంకా కొన్ని ఏర్పాట్ల వల్లా దాన్ని రికార్డుగా లెక్కించలేదు గానీ, మనిషి రెండు గంటల గోడ దాటాడా, షూ దాటిందా అన్న వాదన మాత్రం మొదలైంది. 2020 జనవరి చివర్లో వరల్డ్ అథ్లెటిక్స్ గీత గీసింది. రోడ్డు రేసుల్లో షూ అడుగు మందం 40 మిల్లీమీటర్లు దాటకూడదు, లోపల గట్టి ప్లేటు ఒకటికి మించకూడదు, రేసులో వాడే షూ అప్పటికే నాలుగు నెలలుగా ఎవరైనా కొనుక్కునేలా మార్కెట్లో ఉండాలి.

ఈ నియమాల్లో నాకు నచ్చింది ఒకటుంది. సాయం తప్పని అవి అనలేదు. ఎంత సాయమో తెలియాలి, అందరికీ అందాలి అన్నాయి. 2021 సెప్టెంబరులో వియన్నా మారథాన్‌లో ఇథియోపియా రన్నర్ దెరారా హురిసా మొదట గీత దాటాడు. కొంతసేపటికి నిర్వాహకులు అతన్ని అనర్హుడన్నారు. అతని షూ అడుగు 40కి బదులు 50 మిల్లీమీటర్లుంది. ముందుగా నింపిన ఫారంలో అతను రాసిన జత వేరు, అది నియమాల ప్రకారమే ఉంది. పరిగెత్తింది వేరే జతతో. ఒక సెంటీమీటరు తేడా. ఫారంలోని గడి ఒకటి చెప్పింది, కాళ్ళు ఇంకోటి చెప్పాయి. నా యాప్‌లో మార్చని గడి గుర్తొచ్చి, చదువుతున్న నాకు కాస్త ఉక్కగా అనిపించింది.

కానీ అది పతకాల లోకం. నేను ఏ సంవత్సరమూ కొన్ని వందల మంది వెనక తప్ప పూర్తిచేసినవాణ్ణి కాదు. నా 11 సెకన్ల వల్ల ఎవరి బహుమతీ పోదు. నా షూస్ నియమాల లోపలే ఉన్నాయి. న్యాయం, సమానత్వం అన్న కోణంలోంచి చూస్తే ఇక్కడ ప్రశ్నే లేదు. మరి దేన్ని దాచినట్టు?

సొంతం అన్న కోణంలోంచి చూద్దాం. షూస్ ఇచ్చిన వేగం నా సొంతం కాదు అనే శుద్ధవాదులు మా గ్రూపులోనూ ఉన్నారు. వాళ్ళకి అబెబె బికిలా దేవుడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో, దొరికిన షూస్ కాళ్ళకి సరిపడక, శిక్షణలో అలవాటైనట్టే వట్టికాళ్ళతో పరిగెత్తి 2:15:16కి గెలిచాడు. అయితే కథ అక్కడ ఆపేస్తారు. 1964లో టోక్యోలో బికిలా షూస్ వేసుకున్నాడు. 2:12:11. మూడు నిమిషాలు తగ్గింది. అపెండిసైటిస్ ఆపరేషన్ అయి అప్పటికి కొన్ని వారాలే. ఆ మూడు నిమిషాల్లో షూస్ వాటా ఎంత, నాలుగేళ్ళ అనుభవం వాటా ఎంత, రోడ్డుదీ వాతావరణానిదీ ఎంత, ఆపరేషన్ తీసుకుపోయింది ఎంత? ఎవరూ విడదీయలేరు. విడదీయలేకపోవడం వల్ల బికిలా చిన్నవాడూ అయిపోలేదు.

పుస్తకాల గురించి రాసే అలవాటు వల్ల నాకు ఇలాంటి చిక్కు ఇంకోటి తెలుసు. కరుణశ్రీ ‘పుష్పవిలాపం’ పద్యాలని ఘంటసాల గొంతులో విన్నవాళ్ళెవరూ మళ్ళీ ఆ గొంతు లేకుండా చదవలేరు. కళ్ళు కాగితం మీదున్నా చెవిలో ఆయనే పాడుతుంటాడు. గుండె బరువెక్కిందనుకోండి, ఆ బరువులో పద్యం ఎంత, పాట ఎంత? నేనొకసారి పట్టుబట్టి, ఒక్కో పాదాన్నీ వచనంలా పైకి చదువుకుని చూశాను. పద్యాన్ని మాత్రమే కొలుద్దామని. అప్పుడు దొరికింది పద్యమూ కాదు, పాటా కాదు. నా మొండితనం దొరికింది.

కాబట్టి సొంతం అన్న కోణం కూడా ఎక్కువ దూరం తీసుకెళ్ళదు. మంచినీళ్ళు, తారురోడ్డు, నా జీతం, ఆదివారం పొద్దున్న పిల్లాణ్ణి చూసుకునే నా భార్య, వీటిలో ఏ ఒక్కటి తీసేసినా నా వేగం మిగలదు. షూస్‌ని మాత్రం వేరుచేసి దొంగని చెయ్యడం అన్యాయం.

నేను దాచింది షూస్‌ని కాదు. పదమూడు సెకన్లని.

2021 మే నెలలో, కోవిడ్ రెండో వేవ్‌లో, 13 రోజులు ఆసుపత్రిలో ఉన్నాను. అందరికీ అలాంటి కథ ఒకటుంది కాబట్టి ఎక్కువ చెప్పను. పంపించేముందు వరండాలో ఆరు నిమిషాల నడక పరీక్ష పెట్టారు. రెండు కుర్చీల మధ్య అటూ ఇటూ నడవాలి, ఎంత దూరం నడిచామో రాసుకుంటారు. వేలికి ఆక్సీమీటరు. పక్కన ఒకతను సిలిండర్ ట్రాలీ తోసుకుంటూ నాతో నడిచాడు. 240 మీటర్లు. ఇరవై నెలల ముందు 42 కిలోమీటర్లు పరిగెత్తిన మనిషి ఆరు నిమిషాల్లో 240 మీటర్లు నడిచి, కుర్చీలో కూలబడి, “ఎంతొచ్చింది?” అని పరీక్ష రాసిన పిల్లాడిలా అడిగాడు. నెల తర్వాత మళ్ళీ పెట్టారు, ఈసారి సిలిండర్ లేకుండా. 390.

ఆ రెండు కాగితాలూ నా దగ్గరున్నాయి. మొన్న బయటికి తీశాను. దూరం పక్కనే ఇంకో గడి ఉంది: ఆక్సిజన్. మొదటి కాగితంలో, నిమిషానికి 2 లీటర్లు. రెండో కాగితంలో, లేదు. ఆ 240 మీటర్లు నావా, సిలిండర్‌వా అని అప్పుడు ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. అవి నావే. సిలిండర్‌తో నావి. పక్కన గడి నింపి ఉంది కాబట్టి ఆ అంకెలో అబద్ధం లేదు. ఆ గడి ఖాళీగా ఉంటే మాత్రం ఏ డాక్టరైనా నా ఊపిరితిత్తుల గురించి తప్పు అనుకునేవాడు.

అప్పట్నుంచీ నాకు ఒకే ప్రశ్న. నేను కోలుకున్నానా? ఎక్స్‌రే కోలుకున్నానంది, ఆఫీసు కోలుకున్నానంది. నేను మాత్రం 2019 నాటి 4:21 దగ్గర కాపలా కాస్తూ ఉండిపోయాను. అదే రేసులో, అదే ఫ్లైఓవర్లెక్కి, ఆ అంకెని దాటితే అప్పుడు నమ్ముదామని. ఇప్పుడు దాటగలిగే వీలు వచ్చింది. 22 వేలకి వచ్చింది.

కళ్ళద్దాల పోలిక నేనే తెచ్చుకున్నాను. నాకు రెండు కళ్ళకీ పవర్ ఉంది. అద్దాలు పెట్టుకుని చదివిన పుస్తకాన్ని నేను చదవలేదని ఎవరంటారు? పోయినదాన్ని తిరిగి ఇచ్చేది వైద్యం, లేనిదాన్ని కలిపేది హంగు అంటారు కదా. పాతికేళ్ళ కుర్రాడికి ఈ షూస్ హంగు, నాకు వైద్యం. ఈ వాదన నాకు చాలా నచ్చింది. మూడు రోజులపాటు నమ్మాను కూడా. తర్వాత ఒకటి తోచింది. అద్దాలు నా ముక్కు మీదే ఉంటాయి, అందరికీ కనబడుతూ. కంటి డాక్టరు దగ్గరికెళ్తే మొదట చెప్పే మాట, అద్దాలు తీసి చదవండి అని. అద్దాలతో చదివి “నా చూపు బాగయింది” అంటే ఆయన నవ్వుతాడు. నా చేతులు జోడించిన బొమ్మ చేసిన పని సరిగ్గా అదే.

నాలుగో ఆదివారం, పాత షూస్‌తో, పరుగు నీరసంగా ముగిసింది. మా గ్రూపులో ఆర్టీసీలో డ్రైవరుగా రిటైరైన ఆయన ఒకరున్నారు. అరవై రెండేళ్ళు. ఆయనకి నేను తమ్మీ, నాకు ఆయన అన్న. రన్నింగ్ గ్రూపుల్లో వయసుతో పనిలేదు, అందరూ అన్నలే. పక్కన కూర్చుని నా కాళ్ళకేసి చూశారు.

“పోయిన వారం గివి గావు గదా తమ్మీ?”

“కాదన్నా. అవి కొత్తవి, టెస్ట్ చేస్తున్నా. ఈ వారం మళ్ళీ పాతవి.”

“మరి గ్రూపుల పెట్టినప్పుడు ఏ బండో రాయలే?”

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

“మా డిపోల కేఎంపీఎల్ లెక్క ఉంటుండె. లీటర్ డీజిల్‌కు ఎన్ని కిలోమీటర్లు తెచ్చినవని. కొత్త బండిస్తే ఎవలైనా మంచిగ తెస్తరు. అట్లని డ్రైవర్ పనితనం లేదనొద్దు, గదే బండి ఇంకొకనికిస్తే తక్వ తెస్తడు. గందుకే షీటుల రెండు నంబర్లు రాస్తరు. డ్రైవర్ నంబరు, బండి నంబరు. ఒక్కటే రాస్తెనే లొల్లి.”

“అయితే రేసుకి ఏది వేసుకోమంటావన్నా?”

“మంచి బండి ఇస్తే ఎవడన్న వద్దంటడా? ఎక్కు. నంబర్ రాయి, అంతే.”

ఆయన మాట ఆసుపత్రి కాగితంతో కలిసిపోయింది. రెండు చోట్లా పద్ధతి ఒకటే. అంకెని ఒంటరిగా వదలకూడదు. అది ఏ సాయంతో వచ్చిందో పక్కనే ఉండాలి. ఇంజనీరుగా ఇది నాకు ముందే తెలిసుండాలి. ఏ సర్వర్ మీద నడిపారో చెప్పకుండా “మా ప్రోగ్రాం వేగం పెరిగింది” అని ఎవరైనా మీటింగులో అంటే మొదట చెయ్యెత్తేది నేనే.

అయినా ఆయన మాటతో నా చిక్కు పూర్తిగా తీరలేదు. నంబరు రాసేస్తే ఇతరులకి నేను చెప్పేది నిజమవుతుంది. నాకు నేను చెప్పుకునేది? పాత షూస్‌తో వచ్చిన 6:18 అసలైన అంకె, అది చెప్పే 13 సెకన్లు అసలైన నష్టం అనుకుందామా? అదీ కుదరదు. 2019 నాటి జత ఎప్పుడో అరిగిపోయింది. ఇప్పుడు పాత జత అంటున్నది అదే పేరుతో తర్వాత వచ్చినది, దాని అడుగు కూడా కొంత మారింది. నాకు ఆరేళ్ళు వయసు పెరిగింది. జబ్బు చెయ్యకపోయినా ఆ 13లో కొన్ని పోయేవి. ఎన్నో చెప్పేవాళ్ళు లేరు. కొత్త షూస్ ఇచ్చిన 11 కూడా పూర్తిగా వాటివేనని చెప్పలేను. ఇలాంటి షూస్ వల్ల నాలాంటి నెమ్మది రన్నర్లకి వచ్చే లాభం చిన్నదనీ, మనిషికీ మనిషికీ బాగా తేడా ఉంటుందనీ తర్వాతి పరిశోధనలు చూపించాయి. కాళ్ళకి ఏ జత ఉందో నాకు తెలుసు కదా, ఆ తెలిసిన ఉత్సాహం ఎన్ని సెకన్లు ఇచ్చిందో. కళ్ళకి గంతలు కట్టుకుని పరీక్షించుకోవడం మందుల్లో కుదురుతుంది గానీ షూస్‌లో కుదరదు. ఒకసారికి ఒకటే మార్చు అన్న నా నియమాన్ని పాటించనిది నా ఒళ్ళే. అది వారానికోసారి కాదు, ఆరేళ్ళుగా రోజూ మారుతూనే ఉంది.

చివరికి నాకు అర్థమైనంతవరకూ నా దగ్గర రెండు ప్రశ్నలున్నాయి. ఇప్పుడు నేను ఎంత వేగంగా వెళ్ళగలను? ఇది మొదటిది. పోయింది తిరిగొచ్చిందా? ఇది రెండోది. మొదటిదానికి ఏ షూస్ అయినా వేసుకోవచ్చు, మంచివే వేసుకోవాలి. రెండోదానికి షూస్‌తో పనే లేదు. తప్పు ఎక్కడ జరుగుతోందంటే, మొదటి ప్రశ్న షూస్ వేసుకుని రెండో ప్రశ్నకి జవాబు పట్టుకెళ్ళడంలో. 13లోంచి 11 తీసేస్తే 2 అని లెక్క చెబుతుంది. ఆ తీసివేత చెయ్యకూడదు. అవి ఒకే ఖాతాలోవి కావు. దుకాణం నుంచి వచ్చింది ఒకటి, వార్డులో పోయింది ఒకటి. అంకెలు దగ్గరగా ఉండటం యాదృచ్ఛికం. ఆ యాదృచ్ఛికం నాకు ఎంత తియ్యగా ఉందో చూసినప్పుడే అనుమానించాల్సింది.

ఇందులో మిగిలే ఇబ్బంది ఒకటుంది, దాన్నీ దాచను. రెండో ప్రశ్నకి గడియారం నుంచి జవాబు రాదని ఒప్పుకుంటే, ఇన్నాళ్ళూ 4:21 దగ్గర చేసిన కాపలా దేనికి? వరండాలో కుర్చీలో కూలబడ్డవాడికి ఒక మాట ఇచ్చాను, నిన్ను మళ్ళీ అక్కడికి తీసుకెళ్తానని. ఆ మాట నిలబెట్టుకోవడానికి “అక్కడ” అన్నది ఇప్పుడు లేదు. ఉన్నదల్లా ఇప్పటి రోడ్డు, ఇప్పటి కాళ్ళు. 240, 390, 28 వేల మీటర్లు. ఆ వరసలో చూస్తే 6:18 అంత చెడ్డ అంకె కాదు. కానీ అలా చూడటం నాకింకా అలవాటు కాలేదు. రేసులో 4:20 వస్తే సంతోషం ఆగదనీ తెలుసు. సంతోషపడతాను. దాన్ని 2019 పక్కన పెట్టకుండా ఉండగలనా అన్నది ఆ రోజే తెలుస్తుంది.

రేసుకి కొత్త షూసే వేసుకుంటున్నాను. రెండు పరీక్షల్లోనూ వేళ్ళు కొయ్యలేదు. పిక్కలు మాత్రం రెండు రోజులు పట్టేశాయి, అదీ రాసుకున్నాను. యాప్‌లో రెండో, మూడో ఆదివారాల దగ్గరికి వెళ్ళి ఆ గడి మార్చాను. తర్వాత గ్రూపులో మూడు లైన్లు పెట్టాను. మూడో వారం పరుగు కార్బన్ షూస్‌తో అనీ, పాతవాటితో అయితే 6:18 అనీ, 2019తో పోలిస్తే 13 సెకన్లు వెనకే ఉన్నాననీ.

పదమూడు సెకన్ల గురించి ఎవరూ ఏమీ అనలేదు. నలుగురు షూస్ ఎంతకి పడ్డాయని అడిగారు. అన్న బొటనవేలి బొమ్మ పెట్టి, వచ్చే ఆదివారం పావుగంట ముందు రమ్మన్నారు.